సర్కారు నెలలు, ఏనుగుల రొట్టెలు

మా అమ్మ నాందేడ్‌లో ఒక సర్కస్ కంపెనీలో ఏనుగులకు రొట్టెలు చేస్తున్నదని నేను బోధన్ బజారులో సగం మందికి చెప్పాను. ఒక్కో రొట్టె బండిచక్రమంత ఉంటుందన్నాను. పెనం దొరక్క, బెల్లం వండే పెద్ద పెనాన్ని బోర్లించి దానిమీద కాలుస్తారన్నాను. పిండి పిసకడానికి ఆడవాళ్ళ చేతులు చాలక రోడ్డు వేసే ఇనుప రోలర్‌ను అద్దెకు తెచ్చారని, అమ్మ దానిమీద నిలబడి ఇటు తిప్పు అటు తిప్పు అని డ్రైవర్‌కు చెబుతుందని కూడా చెప్పాను. కిరాణా దుకాణం ఆయన ఇదంతా విని, "మరి ఉల్లిగడ్డ నంజుకుంటయా ఏనుగులు?" అని అడిగాడు. "పచ్చిమిరపకాయ గూడ," అన్నాను. అప్పుడు నాలుగో తరగతి చదువుతున్నాను.

అమ్మ నిజంగా ఉన్నది డిచ్‌పల్లి దవాఖానలో. మా దిక్కున "డిచ్‌పల్లి పోయిండు" అంటే ఇంకేమీ చెప్పనక్కర లేదు. అది పెద్దరోగానికని, ఎందుకు గొంతు తగ్గించి మాట్లాడాలో అందరికీ తెలుసు. అమ్మ మోచేతి మీద ఒక తెల్లమచ్చ ఉండేది. అది ఎండకు వచ్చిందనుకున్నాం. ఒకరోజు పొద్దున జొన్నరొట్టె కాలుస్తూ ఆమె చేతిని పెనం అంచుకు ఆనించి అట్లాగే ఉంచింది. కమురు వాసన వచ్చింది. "అవ్వా, చెయ్యి!" అని నేను అరిచేదాకా ఆమెకు తెలియదు. చెయ్యి తీసి చూసుకుంది. ఏడవలేదు. రొట్టె తిరగేసింది. నా కథలోకి రొట్టెలు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు మీకు తెలుస్తుంది. ఏనుగులు మాత్రం నా సొంతం.

బాపు చెరుకు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎడ్లబండ్లు చెరుకు వేసుకుని కాటా ముందు వరుస కట్టినప్పుడు ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అని నిలబెట్టడం ఆయన పని. రోజంతా బండ్లవాళ్ళతో కొట్లాడి ఇంటికి వచ్చాక నోరు తెరిచేవాడు కాదు. అమ్మ నవీపేట్‌లో పుట్టింటికి పోయిందని మాత్రమే గల్లీలో చెప్పాడు. ఆ అబద్ధంలో ప్రాణం లేదు, అందుకే నేను నాందేడ్ కథ ఎత్తుకున్నాను. కానీ ఎవరో బస్సులో బాపును చూశారు. డిచ్‌పల్లిలో దిగడం చూశారు. అంతే.

వారం తిరక్కముందే బడి పెద్దసారు బాపును పిలిపించాడు. నేనూ వెంట పోయాను. ఆయన నన్ను దగ్గరికి రానివ్వలేదు, కిటికీ అవతలే నిలబెట్టాడు.

"నేను పేరు కొట్టేస్తలేను," అన్నాడు పెద్దసారు. "పేరు ఉంటది. పిల్ల మాత్రం రావద్దు."

"ఎన్నాళ్ళు సార్?"

"సూద్దాం."

"పిల్లకు ఏం లేదు సార్. డాక్టరమ్మ సూసింది. మచ్చ లేదు, ఏం లేదు."

"నాకు తెల్సు. తెల్వనోళ్ళు మస్తుమంది ఉన్నరు గదా. వాళ్ళ పిల్లల్ని మాన్పిస్తే నేనేం జేయాలె?"

బాపు రుమాలు తీసి మళ్ళీ కట్టుకున్నాడు. ఏం చెప్పాలో తోచనప్పుడు ఆయన అట్లా చేసేవాడు. ఆ రోజు దారి పొడుగునా అదే చేశాడు.

ఈ వార్త ఏర్గట్లలో ఉన్న మా మేనత్తకు ఎట్లా చేరిందో, ఆమె బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. పసుపు చేలలో పనిచేసి ఆమె గోళ్ళు ఏ కాలంలోనైనా పచ్చగానే ఉండేవి. లోపలికి రాలేదు. అరుగు మీదే కొంగు పరుచుకుని కూర్చుంది.

"తమ్మీ, పిల్లను నాయెంబడి పంపు. బడిలేదు, తల్లిలేదు, ఇంట్ల ఒక్కతి ఏం జేస్తది? మా దగ్గర పసుపు కొమ్ములు ఏరుకుంట ఉంటది. ఇయ్యాల కాకుంటే రేపు మా చిన్నోనికి చేసుకుంటం. ఇప్పుడు గీ ఇంటి పిల్లను ఎవ్వలు చేసుకుంటరు, నువ్వే చెప్పు."

"దాని తల్లిని సూడవోయేటప్పుడు తోల్కపోవాలె గదక్కా," అన్నాడు బాపు.

"ఆ దిక్కు పేరెత్తకు. నా ఇంటికొచ్చిన పిల్ల ఆ దిక్కు సూడద్దు."

ఆ ముక్కతో నాకు అర్థమైపోయింది. ఏర్గట్ల పోతే పుస్తకం ముట్టేది లేదు, అమ్మను చూసేది లేదు. మేనత్త చెడ్డది కాదు. ఆమె బావిలో నీళ్ళెన్ని ఉన్నాయో నిజంగా అన్నే తోడి ఇస్తానంటోంది. కానీ నాకు ఆ నీళ్ళు వద్దు. బాపు అప్పటికప్పుడు అవునూ అనలేదు, కాదూ అనలేదు. "పంట ఎత్తేటాళ్ళకు చెప్త," అన్నాడు. పసుపు తవ్వే కాలానికి నన్ను తీసుకుపోతానని ఆమె ఖాయం చేసుకుని వెళ్ళింది.

మేముండే రెండు గదులు మున్షీ సాబ్‌వి. ముందు భాగంలో ఆయన, వెనక మేము. పాత జమానాలో తహసీల్ కచ్చేరీలో రాతపని చేసి దిగిపోయిన ముసలాయన. ఇల్లు ఖాళీ చేయించమని గల్లీవాళ్ళు ఆయనకు చెప్పారట. "మకాన్ నాది. మీరు మీ మకాన్లు ఖాళీ చేసుకోండ్రి," అన్నాడట. మేనత్త పోయాక ఆయన కర్ర టకటకలాడించుకుంటూ మా గుమ్మంలోకి వచ్చి, "పిల్లను నేను చదివిస్త," అన్నాడు.

"ఏం చదివిస్తరు సాబ్?" అన్నాడు బాపు.

"అరె, తహసీల్దార్లకు నేను చదివి వినిపించినోణ్ణి. నాలుగో తరగతి పిల్లకు చెప్పలేనా?"

అట్లా మొదలైంది మా ఇంటిబడి. అది కానూన్‌కు సంబంధించిన విషయమని మాకెవరికీ తెలియదు. ఎండకాలం సెలవులై బడులు తెరిచాక, మా బడిలోనే కొత్తగా చేరిన చిన్నసారు ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చాడు. బడి వయసు పిల్లలు ఎవరెవరు బడికి రావడం లేదో రాసుకుంటున్నాడు.

"పిల్ల ఎందుకొస్తలేదు? ఇప్పుడు కానూన్ వచ్చింది. పంపకుంటే తండ్రికి జుర్మానా పడ్తది," అన్నాడు.

"మీ పెద్దసారే వద్దన్నడు," అన్నాడు బాపు.

"ఆయన సంగతి ఆయనది. నా లెక్కల పిల్ల వస్తలేదు."

"రానిస్తే వస్తది."

"రానిస్తలేరని నేను రాయలేను గదా. రాయడానికి జాగ లేదు. వస్తున్నదా, వస్తలేదా, గంతే."

మున్షీ సాబ్ అరుగు మీదనుంచి విని గడ్డం నిమురుకున్నాడు. కానూన్ అన్న మాట వినగానే ఆయన నడుము నిటారుగా అయ్యేది. మరుసటి రోజు షేర్వానీ వేసుకుని, బాపును, నన్ను వెంటబెట్టుకుని నిజామాబాద్ రైలు ఎక్కించాడు.

పిల్లల చదువుల ఆఫీసులో పైన పంకా తిరుగుతోంది, కింద ఒక గుమాస్తా పాన్ నములుతున్నాడు. మున్షీ సాబ్ సలాం చేసిన తీరు చూసి గుమాస్తా లేచి నిలబడబోయి, మళ్ళీ కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు. అమ్మ సంగతి తప్ప. అది మేము చెప్పలేదు. ఏవో ఇంటి తకరార్ల వల్ల బడికి పంపడం లేదన్నాం.

"మూడు దర్వాజలున్నయి," అన్నాడు గుమాస్తా. "ఒకటి, పిల్లకు బీమారి ఉన్నది, బడికి పోలేదని డాక్టర్ రాసియ్యాలె. రెండు, నడిచిపోయే దూరంల బడి లేకపోవాలె. మూడు, ఇంట్ల ఎవరన్న చదువుకున్న లాయఖ్ మనిషి చదువు చెప్తున్నడని బడులు తనిఖీ చేసే డిప్టీ సాబ్ వచ్చి కండ్లార సూసి ఒప్పుకోవాలె. ఆయన ఒప్పుకుంటే ఇంట్లనే చదువుకోవచ్చు. ఏడాది ఏడాదికి మళ్ళ సూస్తరు."

రెండో దర్వాజ మాకు పనికిరాదు. బడిగంట కొడితే మా ఇంట్లో పిల్లి లేచేది.

"బీమారిది సులువు," అన్నాడు గుమాస్తా, బాపు మొహం చూసి. "ఏదో ఒకటి రాపిచ్చుకొస్తే అయిపాయె."

"పిల్లకు ఏ బీమారీ లేదు," అన్నాడు బాపు.

"లేకున్నా రాపియ్యొచ్చంటున్న."

"వద్దు సాబ్. ఒకసారి రాస్తే మళ్ళ ఎవ్వలు తుడుస్తరు?"

బాపు అంత గట్టిగా మాట్లాడటం నేను బండ్ల దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. గుమాస్తా భుజాలు ఎగరేశాడు. "ఐతే మూడోదే. డిప్టీ సాబ్‌కు నచ్చాలె. నచ్చకుంటే పిల్ల బడికి పోవాలె, లేకుంటే జుర్మానా."

"బడోళ్ళే రానియ్యకుంటే?" అని అడిగాడు మున్షీ సాబ్ మెల్లగా.

గుమాస్తా నమలడం ఆపాడు. పంకా వైపు చూశాడు. "గది కానూన్‌ల లేదు," అన్నాడు.

ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు. ఇంట్లో చదివిన పిల్లలు ముందుగా పర్మిషన్ తీసుకుని, వయసుకు రుజువుగా సబూత్ కాయిదం చూపిస్తే ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవచ్చు. నా వయసు సబూత్ ఏంటని అడిగితే బాపు, "చెరుకు బండ్లు మొదలైన వారానికి పుట్టింది," అన్నాడు. గుమాస్తా నవ్వాడు. నేను మాత్రం ఏడో తరగతి పరీక్ష అన్న మాటనే జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. బాపు రైలులో ఒక్కటే అన్నాడు: "డిప్టీ సాబ్ వద్దంటే, బిడ్డా, ఏర్గట్లనే. నాకింకో తొవ్వ లేదు."

డిప్టీ సాబ్ రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో మున్షీ సాబ్ నన్ను తయారుచేసినట్టు పెండ్లిపిల్లను కూడా తయారుచేయరు. పొద్దున్నే ఆయన అరుగు మీద తఖ్తు బల్ల వేసుకుని కూర్చునేవాడు. బాపు నిజామాబాద్‌లో పాత తెలుగు వాచకం కొన్నాడు. మున్షీ సాబ్‌కు తెలుగు చదవడం బాగా వచ్చు, రాస్తే మాత్రం అక్షరాలన్నీ ఉర్దూ అక్షరాలలాగా ఎడమకు వాలేవి. నావీ అట్లాగే వాలడం నేర్చుకున్నాయి.

చదువుకన్నా ఎక్కువ కొలువు నేర్పాడు. అఫ్సర్ వస్తే ఎంత దూరంలో నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టాలి, అడిగిందానికి మాత్రమే ఎట్లా జవాబివ్వాలి. "అఫ్సర్ మాట్లాడుతుంటే మధ్యల నోరు తెరవద్దు. నేను గూడ తెరవను. అదబ్ అంటే గది." ఇక అఫ్సర్ ఏం అడుగుతాడో ఆయనకు ముందే తెలుసు. "నెలలు అడుగుతడు. తూకాలు అడుగుతడు. భూమి కొలతలు అడుగుతడు. నా నౌకరీల ఏ అఫ్సర్ వచ్చినా గవే అడిగిండు."

నెలలు నాకు బడిలోనే వచ్చు. జనవరి, ఫిబ్రవరి అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గవి రైలోళ్ళ నెలలు బేటీ. ఫ్యాక్టరోళ్ళ నెలలు. వచ్చేది ఎవరు?"

"సర్కారు మనిషి."

"సర్కారు మనిషికి సర్కారు నెలలు చెప్పాలె. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్..."

అవి పాత రాజ్యంలో కచ్చేరీ నెలలు. శిస్తు ఆ నెలల్లోనే కట్టేవారు, తారీఖు ఆ నెలల్లోనే పడేది. ఆ రాజ్యం పోయింది, ఆంధ్రతో కలిసిపోయి కొత్త సర్కారు వచ్చింది, ఆ నెలలనూ ఎత్తేశారు. మున్షీ సాబ్‌కు ఇవన్నీ తెలియవని కాదు. కానీ ఆయన మనసులో సర్కారు అంటే అదే, ఒకటే. కుర్చీలో మనుషులు మారవచ్చు, కుర్చీ మారదు. బాపుకు కూడా అనుమానం రాలేదు. ఆయన తండ్రి ఆ నెలల్లోనే శిస్తు కట్టాడు మరి. ఒక సాయంత్రం నేను చెబుతుంటే బండ్ల దగ్గరినుంచి వచ్చిన బాపు గడపలో కూర్చుని నాతోబాటు పెదవులు కదిపాడు.

ఫర్వర్ది, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. నేను జీవితంలో కల్పించనివి, కొలతకు ఒక్క రవ్వ ఎక్కువ వేయనివి ఏవైనా ఉంటే అవి ఆ పన్నెండు మాటలే.

డిప్టీ సాబ్ చెరుకు బండ్లు మొదలైన కొత్తలో వచ్చాడు. ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. ఆయన కోస్తా దిక్కువాడు, తెల్లటి పంచె, ముక్కుకు రుమాలు, చేతిలో గొడుగు. గొడుగును మా తలుపు గొళ్ళానికి తగిలించాడు. పక్కన బడి పెద్దసారు. అరుగు మీద మున్షీ సాబ్, బాపు నిలబడ్డారు. నేను చేతులు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను. బాపు ఇత్తడి గ్లాసులో నీళ్ళిస్తే డిప్టీ సాబ్ గటగటా తాగేసి, "ఏం వాసనండీ బాబూ," అని నవ్వాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

వాచకం చదివించాడు. చదివాను. పలక మీద రాయించాడు. రాశాను. "అక్షరాలేమిటమ్మా, గాలికి పడిపోతున్నట్టున్నాయి?" అన్నాడు, అయినా బాగుందన్నాడు. కూడికలు ఇచ్చాడు, చేశాను. మున్షీ సాబ్ మీసం కింద నవ్వు దాచుకోవడం నాకు కనిపించింది. ఏర్గట్ల దూరమవుతోంది అనుకున్నాను.

"సరే, ఏడాదిలో నెలల పేర్లు చెప్పు."

గొంతు సవరించుకున్నాను. మున్షీ సాబ్ నేర్పిన లయతో, ఎక్కడ ఊపిరి తీయాలో అక్కడ తీస్తూ, ఆజూర్ నుంచి ఆబాన్ దాకా చెప్పి ఒక అడుగు వెనక్కి వేశాను.

డిప్టీ సాబ్ నావైపు చూశాడు. "ఏమిటీ? మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఇవి నెలల పేర్లా, యునానీ మందుల పేర్లా?" అని ఆయన పెద్దసారు వైపు తిరిగి నవ్వాడు.

పెద్దసారుకు ఆ నెలలు తెలుసు. ఆ వయసు మనిషికి మా దిక్కున తెలియకపోవడం ఉండదు. ఆయన చదువుకున్నదీ, నౌకరీలో చేరిందీ ఆ నెలల్లోనే. కానీ కొత్త సర్కారులో, కోస్తా దిక్కు అఫ్సర్ ముందు, పాత జమానా మనిషిగా తేలడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఇంటి పైకప్పు వైపు చూసి అన్నాడు: "ఈ పిల్లకు కథలు కట్టే అలవాటు సార్. వాళ్ళమ్మ ఏనుగులకు రొట్టెలు చేస్తదని ఊరంత చెప్పింది."

"హుజూర్..." అని మున్షీ సాబ్ ముందుకు వచ్చాడు.

"మీరు అందించకూడదండీ," అన్నాడు డిప్టీ సాబ్. "పరీక్ష జరుగుతోంది."

మున్షీ సాబ్ నోరు మూసుకున్నాడు. అదబ్. నాకు నేర్పింది తాను తప్పగలడా? కర్ర మీద రెండు చేతులూ పెట్టి, పెద్దసారు మొహంలోకి మాత్రం అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.

తూకాలు అడిగాడు. పదహారు ఛటాకులు ఒక సేరు, నలభై సేర్లు ఒక మణ్ అన్నాను. కిలోకు ఎన్ని గ్రాములని అడిగాడు. కొత్త తూకాలు అప్పుడప్పుడే బజారులోకి వస్తున్నాయి. నాకు తెలియదు. డిప్టీ సాబ్ నాలుక చప్పరించాడు. "పిల్ల తెలివైనదే. కానీ ఇంట్లో చదువంటే ఇదా? ఉన్నది చెప్పడం లేదు, లేనిది కల్పిస్తోంది. బడికే పంపాలండీ." తర్వాత, ఊరికే, కుశలం అడిగినట్టు నన్నడిగాడు: "మీ అమ్మ ఎక్కడికి వెళ్ళింది? నిజంగా ఏనుగుల దగ్గరికేనా?"

బాపు నేలవైపు చూస్తున్నాడు. నాదగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. నవీపేట్ పుట్టిల్లు ఉంది, నాందేడ్ ఉంది, గోదావరి పుష్కరాలకు ముందే జాగా పట్టుకోవడానికి పోయిందని ఇంకా వాడని కొత్త కథ ఒకటి ఉంది. కానీ నా బుర్ర అప్పుడొక లెక్క వేసింది. ఈయనకు నేను నిజం చెబితే కల్పన అనుకున్నాడు. తు.చ. తప్పకుండా చెప్పిన నెలలు కూడా నమ్మలేదు. అంటే ఈయన ముందు నిజాన్ని మించి దాక్కునే చోటు లేదు. అబద్ధం చెబితే ఏ ముక్క నమ్ముతాడో ఏమో. నిజం చెప్పేస్తే ఎట్లాగూ నమ్మడు, నవ్వేసి పోతాడు.

"మా అవ్వ డిచ్‌పల్లి దవాఖాన్ల ఉన్నది," అన్నాను. నెలలు చెప్పిన గొంతుతోనే.

ఆయన నవ్వలేదు. పెద్దసారు వైపు చూశాడు, పెద్దసారు తల దించుకున్నాడు. బాపు రుమాలు విప్పాడు. డిప్టీ సాబ్ చూపు మెల్లగా అరుగు మీద ఉన్న ఇత్తడి గ్లాసు మీదికి వచ్చి అక్కడ ఆగింది.

"అందుకా బడికి రానిది?" అన్నాడు చివరికి.

"పిల్లకు ఏం లేదు సార్," అన్నాడు బాపు.

"వస్తే మిగిలినోళ్ళు పిల్లల్ని మాన్పిస్తరు సార్," అన్నాడు పెద్దసారు. ఇప్పుడాయన గొంతులో కొలువు లేదు, అలసట ఉంది. "రాకుంటే కానూన్ తప్పయితది. మీరే చెప్పండ్రి, ఏం జేయాలె?"

కాసేపటి కిందట బడికే పంపాలన్న మనిషి, ఇప్పుడు జేబు రుమాలుతో పెదవులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "ఇంట్లోనే చదివించండి," అన్నాడు. "ఒక ఏడాదికి ఒప్పుకుంటున్నాను. చదవడం, రాయడం బాగానే ఉన్నాయి. కిలోలు, ఇంగ్లీషు నెలలు నేర్పండి." లేచి, మాలో ఎవరి మొహమూ చూడకుండా గల్లీలో పడ్డాడు.

గొడుగు గొళ్ళానికే ఉంది. బాపు తీసుకుని వెంట పరుగెత్తాడు. గల్లీ మలుపులో పెద్దసారు ఆగి వెనక్కి చెయ్యి ఊపాడు. "ఉండనియ్యి, మీరే ఉంచుకోండ్రి." బాపు ఆ గొడుగు పట్టుకుని, మబ్బు లేని ఆకాశం కింద, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మేము అడిగింది దొరికింది. మూడో దర్వాజ తెరుచుకుంది. మున్షీ సాబ్ చెప్పిన చదువుకు మెచ్చి డిప్టీ సాబ్ తెరిచాడో, ఇత్తడి గ్లాసుకు భయపడి తెరిచాడో నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా చెప్పలేను. చెప్పగలిగినట్టు కథ కట్టడం నాకు చేతకాక కాదు.

ఇంటికి వచ్చి బాపు అడిగాడు: "ఎందుకు చెప్పినవ్ బిడ్డా?"

"నమ్మడనుకున్న బాపూ."

ఆయనకు నవ్వు వచ్చింది. నిజంగానే వచ్చింది. సగంలో మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

అప్పటిదాకా గుసగుసగా ఉన్నది ఆ రోజునుంచి పబ్లిక్ అయింది. నల్లా దగ్గర మా బిందె పెడితే మిగతా బిందెలు జరిగేవి. మున్షీ సాబ్ అది చూసి, తన ఇంట్లోని బిందెను తానే మోసుకొచ్చి మా బిందెకు ఆనించి పెట్టేవాడు. ఏర్గట్లకు కూడా వార్త చేరింది. పసుపు తవ్వే కాలం వచ్చింది, పోయింది, మేనత్త రాలేదు. ఒకరితో కబురు పంపింది: చిన్నోనికి సంబంధం కుదిరిందని, తీరిక లేదని. ఏ తలుపుకు నేను అంత భయపడ్డానో అది దానంతట అదే మూసుకుంది. సంతోషించాల్సిన సంగతే. ఆ రోజు మాత్రం నాకు అన్నం సహించలేదు.

మున్షీ సాబ్ కొన్ని రోజులు పాఠం చెప్పలేదు. తర్వాత ఒక పొద్దున బజారునుంచి ఇంగ్లీషు క్యాలెండర్ తెచ్చి తఖ్తు పైన మేకుకు తగిలించాడు. కిలో రాయి ఒకటి కూడా తెచ్చాడు, నా చేతిలో పెట్టి బరువు చూడమన్నాడు. "జన్వరీ," అన్నాడు క్యాలెండర్ వైపు వేలు చూపించి, అది ఎవరో పరాయి మనిషి పేరైనట్టు. మేము ఫిబ్రవరి దాకా పోయాక ఆగాడు.

"గవి ఝూట్ కాదు బేటీ."

"నాకు తెల్సు తాతా."

"మీ బడి మాస్టర్ సాబ్‌కు గూడ తెల్సు," అన్నాడు. క్యాలెండర్‌లో మార్చి నెల మీద వేలు పెట్టాడు.

ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కూర్చున్నాను. వయసు సబూత్‌కు మున్షీ సాబే కచ్చేరీల చుట్టూ తిరిగాడు. పరీక్ష గదిలో కాదు, వరండా చివరన నాకొక్కదానికే బెంచీ వేశారు. ఎండ మోకాళ్ళ దాకా వచ్చేది. బాపు డిప్టీ సాబ్ గొడుగును వేసుకుని వరండా బయట నా బెంచీ పక్కన నిలబడ్డాడు. పర్యవేక్షించే సారు వద్దని చెప్పబోయి, చూసి, ఊరుకున్నాడు. పాసయ్యాను. అమ్మ అంతకుముందే మందులతో బాగై ఇంటికి వచ్చింది, కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం వంగిపోయి ఉండేవి. అవి తర్వాతి మాటలు.

నాకు ఎప్పుడూ ముందు గుర్తొచ్చేది డిప్టీ సాబ్ వచ్చిపోయిన తర్వాతి ఆదివారం. దవాఖానలో చెట్లకింద చూడవచ్చినవాళ్ళను కూర్చోబెట్టేవారు. బాపు జొన్నరొట్టెలు కట్టుకొచ్చాడు, ఆయనే చేసినవి, ఒక్కోటి ఒక్కో ఆకారం. అమ్మ వాటిని చూసి నవ్వింది.

"ఊళ్ళె నా గురించి ఏం చెప్తున్నవే?" అంది నాతో. బాపు నాందేడ్ సంగతి ఆమెకు ముందే చెప్పినట్టున్నాడు.

నేను మొత్తం చెప్పాను. బండిచక్రాలంత రొట్టెలు, బోర్లించిన బెల్లం పెనం, రోడ్డు రోలర్, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. ఒక గున్న ఏనుగు ఆమె కొంగు పట్టుకుని తిరుగుతుందని అప్పటికప్పుడు ఇంకొకటి కలిపాను. అమ్మ కండ్లలో నీళ్ళొచ్చేలా నవ్వింది. పక్కన ఎవరో ముసలామె కూడా వింటూ నవ్వింది.

"మరి సర్కారోళ్ళొచ్చిండ్రట గదా. వాళ్ళకేం చెప్పినవ్?"

"ఈడ ఉన్నవని చెప్పిన."

అమ్మ నవ్వు ఆగింది. చేతులు కొంగులోకి తీసుకుంది.

"నమ్మిండ్రా?"

"నమ్మిండ్రు."

ఆమె బాపు వైపు చూసింది. బాపు రొట్టె తుంచుతూ తల ఎత్తలేదు. అమ్మ కొంగులోంచి ఎడమచెయ్యి తీసి, నా ముందున్న రొట్టెలో చిన్న ముక్క తుంచుకుంది.

"గట్లయితే ఏనుగులకు ఎవ్వలు చేస్తరే రొట్టెలు?" అంది.